రోడ్డుకు బారసాల

బారసాలలో ఒక ముచ్చట ఉంటుంది. పళ్లెంలో బియ్యం పరిచి, తండ్రి చేత ఉంగరంతో పేరు రాయిస్తారు. రాసిన పేరు ఫొటో దిగేదాకా ఉంటుంది. ఆ తర్వాత బియ్యం పురోహితుడి సంచీలోకి పోతాయి, పేరు పిల్లాడి దగ్గర ఉండిపోతుంది. ఉయ్యాలలో పిల్లాడంటూ ఒకడున్నాడు కాబట్టి పేరుకు నిలవడానికి చోటు దొరుకుతుంది.

మా ఊళ్లో ఆ మధ్య జరిగిన బారసాలకు ఆ ఒక్క సదుపాయమే కరువైంది. షామియానా ఉంది. కొబ్బరికాయ ఉంది. పురోహితుడి స్థానంలో ఎమ్మెల్యే గారున్నారు. పేరూ ఉంది, అల్లాటప్పా పేరు కాదు, సరిహద్దులో ప్రాణం విడిచిన మా ఊరి కుర్రాడి పేరు. ఉయ్యాలలోనే ఏమీ లేదు. పేరు పెట్టాల్సిన రోడ్డు ఇంకా పుట్టలేదు. ‘ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెతను మన పెద్దలు పంచాయతీరాజ్ శాఖ పుట్టకముందే కనిపెట్టారంటే వాళ్ల ముందుచూపుకు దండం పెట్టాలి.

అసలు దారే లేదంటే అబద్ధమవుతుంది. బస్సు ఆగే తారు రోడ్డు నుంచి మా పడమటి పాలెం దాకా రెండు కిలోమీటర్ల చిల్లర దారి ఒకటుంది. తాతల నాడు దాన్ని డొంక అన్నారు. ఉపాధి హామీ కింద గ్రావెల్ పోసిన ఏడాది గ్రావెల్ రోడ్డు అన్నారు. రెండు వానాకాలాలకు గ్రావెలంతా పక్క పంటకాలవలోకి చేరాక మళ్లీ డొంక అన్నారు. ఆ డొంకలోనే సైన్యం వాళ్ల లారీ దిగబడింది. జెండా కప్పిన పెట్టెతో వచ్చిన లారీ. ముసురు పట్టిన రోజు. వెనక చక్రాలు బురదలో గిర్రున తిరిగాయి తప్ప బండి అంగుళం కదల్లేదు. ఎన్ని కొండల్లో, ఎంత మంచులో బండి తోలాడో గానీ ఆ డ్రైవరు కిందికి దిగి మా డొంకను ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసి, తల అడ్డంగా ఊపి, టోపీ తీశాడు. వెంట వచ్చిన జవాన్లూ ఊరి కుర్రాళ్లూ కలిసి పెట్టెను భుజాలకెత్తుకుని, మోకాలి లోతు బురదలో ముప్పావుగంట నడిచారు.

ఎమ్మెల్యే గారి కారు లారీ కంటే తెలివైనది, తారు రోడ్డు దిగలేదు. ఆయన పంచె ఎగ్గట్టి, చెప్పులు గన్‌మ్యాన్ చేతికిచ్చి నడిచారు. బురదలో నడిచిన మనిషికి రోడ్డు గురించి ఆలోచన రాకుండా ఉండదు కదా. వచ్చింది. చితి పక్కన మైకు అందుకుని అన్నారు:

“ఈ రోడ్డుకు మన వీరజవాను పేరు పెడతాం!”

జనం జేజేలు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చి బావి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే గాని తట్టలేదు, ఆయన ‘పెడతాం’ అన్నారు, ‘వేస్తాం’ అనలేదు. తెలుగులో రోడ్డు వేస్తారు, పేరు పెడతారు. మా డొంక పొడవును బట్టి ఆ రెండు క్రియల మధ్య తేడా కోటి రూపాయల దరిదాపు. పేరును నామం అని కూడా అంటారనీ, నామం పెట్టడమనే మాటకు మన భాషలో ఇంకో అర్థముందనీ మీకు నేను చెప్పనక్కర్లేదు.

ముహూర్తం పదకొండో రోజున కుదిరింది. ఆ రోజు కుర్రాడి పెద్దకర్మ. ఎలాగూ జనం వస్తారు, షామియానా వేస్తారు, వంటవాళ్లు ఉంటారు. ఒకే ఖర్చులో ఒకపక్క పిండం, ఒకపక్క నామకరణం. ఇంత పొదుపు తెలిసిన పాలనలో రోడ్లకు డబ్బు ఎందుకు ఉండదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆహ్వానపత్రం, ఆర్చి మీద రాత నా నెత్తిన పడ్డాయి. “నువ్వు పేపర్లకు రాస్తావు కదా” అన్నారు. పంచాయతీ ఆఫీసులో కూర్చున్నాం. రోడ్డు అంటే నాటుగా ఉందన్నారు. రహదారి అందామంటే, “రహదారంటే కనీసం రెండు లారీలు తప్పుకోవాలయ్యా” అన్నాడు ట్రాక్టరున్న ఆసామి. “మార్గ్ అంటే ఢిల్లీలో ఉన్నట్టుంటుంది” అన్నాడు సర్పంచి, అది దాని సుగుణమన్నట్టు. మార్గం అందామంటే మోక్షమార్గమనుకుంటారని పూజారి గారి భయం. చివరికి నేను ‘వీరపథం’ అన్నాను. అందరూ ఒక్కసారే తలలూపారు. కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసేశాడు. ముప్పై ఏళ్లుగా రాస్తున్నాను, ఒక్క అక్షరం కత్తిరింపు లేకుండా ఆమోదం పొందిన నా రచన అదొక్కటే. కాబట్టి ఈ వ్యాసంలో తిట్లన్నిటిలో నాకూ ఒక వాటా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

ఫ్లెక్సీ కోసం మండల కేంద్రానికి వెళ్లాం. కంప్యూటరు ముందున్న కుర్రాడికి చనిపోయినాయన హోదా లాన్స్ నాయక్ అని చెప్పాను.

“నాయక్ అంటే తండా వాళ్లా అండీ?”

“కాదు బాబూ, అది సైన్యంలో హోదా. సిపాయికి పైన, నాయక్‌కి కింద.”

అర్థమైందన్నట్టు తలూపి, ‘లాన్స్ నాయకులు’ అని కొట్టాడు. తప్పు వాడిది కాదు. వాడి షాపుకు అచ్చుకొచ్చే ప్రతి మనిషీ నాయకుడే, వేళ్లు అలవాటు ప్రకారం పోయాయి. ఆ తర్వాత బొమ్మల కోసం వెతికాడు. ఒక టాంకు దొరికింది, రెండు హెలికాప్టర్లు దొరికాయి, తుపాకీ పట్టుకున్న ఒక సైనికుడు దొరికాడు. ఆయన భుజం మీద ఏ దేశపు జెండా ఉందో కళ్లద్దాలు పెట్టుకుని చూసినా నాకు తేలలేదు, మనది మాత్రం కాదు. మర్నాడు లేచిన ఫ్లెక్సీ పొడవు పన్నెండడుగులు. పైన పార్టీ పెద్దలు వరసగా. ఎడమ పక్క నిలువెత్తున చేతులు జోడించిన ఎమ్మెల్యే గారు. కింద రెండు వరసల్లో ఊరి పెద్దలు, ఊరి చిన్నలు, పక్క ఊరి మిత్రబృందం. లెక్కపెట్టాను, ఇరవై రెండు తలకాయలు. కుర్రాడి ఫొటో కుడివైపు కింది మూలన, మామూలుగా ‘సౌజన్యం’ అని వేసే చోట. భర్తీ అయిన కొత్తలో దిగిన పాస్‌పోర్టు ఫొటో, మీసం కూడా సరిగా రాలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ సొమ్మంటే ప్రాణం.

ఏడాది తిరిగాక అదే షాపులో ఇంకో ఫ్లెక్సీ తయారైంది. ‘ప్రథమ వర్ధంతి శుభాకాంక్షలు’ అని ఉంది. కట్టిన రోజు సాయంత్రందాకా ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నది కుర్రాడి చెల్లెలు. స్టూలేసుకుని ఎక్కి, ‘శుభాకాంక్షలు’ ఉన్న ముక్కను కత్తెరతో కత్తిరించి ఇంటికి పట్టుకుపోయింది.

ఆర్చి సంగతి చెప్పాలి. దాతల చందాలతో డొంక మొదట్లో సిమెంటు ఆర్చి కట్టారు. దేనికైనా కొలత ఉండాలి కదా, దీనికి ఎమ్మెల్యే గారి కారు ఎత్తును కొలతగా పెట్టుకున్నట్టున్నారు. వరి కోతలయ్యాక గడ్డి ట్రాక్టర్లు వచ్చేసరికి అసలు విషయం తేలింది. గడ్డి మోపు ఆర్చికి తగిలి సగం కింద పడింది. మర్నాటినుంచి ట్రాక్టర్లన్నీ ఆర్చి పక్కనున్న బీడు చేలోంచి చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాయి. చక్రాల చాళ్లు పడి అదే దారి అయిపోయింది. ఆర్చి కింద గడ్డి మొలిచింది, మేకలు తింటున్నాయి. దారి ఆర్చి పక్కనుంచి పోతోంది. అమరుడి పేరు మీద మేం కట్టిన ఆర్చి కింద నుంచి ఈ రోజు నడిచేది మేకలొక్కటే.

స్తంభాలకు రంగు కూడా మారుతూ ఉంటుంది. పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగుల గొడవ 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, తీసేయమని తీర్పు వచ్చిన రాష్ట్రం మాది. ఆర్చి పంచాయతీ ఆఫీసు కాదు కదా అని ఎవరో న్యాయశాస్త్రం చదివినవాడు చెప్పాడట. ఎన్నికల ముందు ఒక రంగు, తర్వాత ఇంకో రంగు. కుర్రాడి పేరు మాత్రం అదే నలుపు పెయింటు, ఎవరూ మళ్లీ దిద్దలేదు, వెలిసిపోతోంది.

మా ఊరినొక్కదాన్నీ తిట్టి లాభం లేదు. దేశంలో పేర్లు పెట్టే పద్ధతిలోనే ఒక న్యాయం ఉంది, గమనించండి. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఎనిమిది వరసల ఔటర్ రింగ్ రోడ్డుకు నెహ్రూ పేరు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు స్తంభాల మీద సాగే 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వేకి పీవీ నరసింహారావు పేరు. కరీంనగర్ మీదుగా రామగుండం పోయే రోడ్డు రాజీవ్ రహదారి. అంటే నాయకుల పేర్లు సిమెంటు గట్టిపడ్డాక పెడతారు. సిపాయిల పేర్లు మట్టి మీద పెడతారు, వాన పడేదాకా ఉంటాయని. దీనికి మినహాయింపులు లేవనను. కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో నేలకొరిగితే, ఏడాది తిరిగేసరికి సొంత ఊరు సూర్యాపేట కూడలిలో విగ్రహం నిలిచింది. ఇంట్లోవాళ్లకు ఇస్తామన్నవి ప్రభుత్వం ఇచ్చింది. ఆయనకు దక్కాల్సిందే. ఆ రాత్రి అక్కడ పోయినవాళ్లు మొత్తం 20 మంది. మిగతావాళ్లలో ఎక్కువమంది సిపాయిలు, నాయక్‌లు, హవిల్దార్లు, ఏవేవో ఊళ్ల పిల్లలు. ఆ ఊళ్లకు పోయే దారుల్లో ఎన్ని ఆర్చీలున్నాయో, ఎన్నిటి కింద మేకలు మేస్తున్నాయో ఎప్పుడైనా తిరిగి చూడాలని ఉంది.

పల్లె రోడ్డే ఎందుకంటారా? పట్నంలో రోడ్డు పేరు మార్చాలంటే ఎవరిదో ఒకరి పేరు తియ్యాలి. తీస్తే ఆ పేరు తాలూకు వాళ్లు ధర్నా చేస్తారు. 1975లో కేంద్ర హోం శాఖ వాళ్లు వీధుల, రోడ్ల పేర్లు మార్చితే జనానికీ తపాలా వాళ్లకీ గందరగోళమని ఒక లేఖ కూడా రాశారు. అంతకుముందు 1953లో రాసిన లేఖ ఇంకా ముచ్చటైనది, కేవలం జాతీయ నాయకుల మీద గౌరవం చూపడం కోసం ఊళ్ల పేర్లు మార్చొద్దని. ఆ లేఖ ఏ బీరువాలో ఉందో, ఆ బీరువాకు ఎవరి పేరు పెట్టారో! డొంకతో ఆ చిక్కులేవీ లేవు. దానికి పేరే లేదు, తీసేదేమీ లేదు, అలిగేవాడు లేడు. దీన్ని మించిన సుఖం ఒక్క అండమాన్‌లోనే ఉంది. 2023 జనవరి 23న అక్కడ అప్పటిదాకా పేర్లు లేని 21 దీవులకు 21 మంది పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. దీవికి గ్రావెల్ పొయ్యక్కర్లేదు, టెండరు పిలవక్కర్లేదు, సముద్రం దాన్ని ముందే కట్టించి పెట్టింది.

ఉత్తరప్రదేశ్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. వీరమరణం పొందిన సైనికుల ఊళ్లకు రోడ్డు వేసే పథకానికి ‘జైహింద్ వీర్ పథ్’ అని పేరు. బోర్డు పరీక్షల్లో మొదటి వరసలో నిలిచిన పిల్లల ఇంటికి రోడ్డు వేసే పథకం అబ్దుల్ కలాం పేరున ఉంది. వెక్కిరిద్దామనుకున్నాను గానీ అక్కడ కనీసం ‘వేస్తాం’ అన్న క్రియ కాగితం మీద ఉంది. కాబట్టి ఒక్క ప్రశ్నతో సరిపెడతాను: కొడుకు చావకుండా, కూతురు ఫస్టు రాకుండా, ఊరికే మామూలుగా బతుకుతున్న ఇంటికి రోడ్డు రావాలంటే ఏం చెయ్యాలి?

దానికీ ఒక జవాబుంది, లేకపోలేదు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన లెక్క ప్రకారం మైదానంలో 500 మంది, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు. మా పడమటి పాలెంలో 500 మంది లేరు. ఇప్పుడు ఇంకొకరు తగ్గారు. బస్సు రోడ్డు మీద ఆ పథకం బోర్డు ఇంకా నిలబడి ఉంది. పొడవెంత, ఖర్చెంత, ఎప్పుడు మొదలెట్టారు, ఎప్పుడు ముగించారు, కాంట్రాక్టరెవరు, అయిదేళ్ల నిర్వహణకు ఎంత, అన్నీ రాసి ఉన్నాయి. రోడ్డు పాడైతే అయిదేళ్లపాటు ఆ కాంట్రాక్టరే బాగుచెయ్యాలి. అంటే ఆ బోర్డు మీద పేరుకు అయిదేళ్ల పూచీ ఉంది. దానికి ఎదురుగా మా ఆర్చి మీద పేరుకు ఒక్క పూట పూచీ లేదు. రోడ్డు పక్క పేరు రాయించుకోవాలంటే కాంట్రాక్టరై రాయించుకోవాలి.

“అయితే పేరే పెట్టొద్దంటావా?” అని మా సర్పంచి నన్ను నిలదీశాడు. పెట్టొద్దని ఎందుకంటాను? తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచి ఆ ఊరి ఇళ్లు సైన్యానికి మనుషుల్ని ఇస్తూనే ఉన్నాయి. దాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. ఆ పేరు పెట్టడానికి ఏ ఎమ్మెల్యే కొబ్బరికాయ కొట్టాడు? ఏ ఫ్లెక్సీ కట్టారు? బస్సు కండక్టరు అన్నాడు, పక్క ఊరివాడు అన్నాడు, పెళ్లి సంబంధానికి వచ్చినవాడు అన్నాడు, అలా నోళ్లలో నలిగి నిలిచిపోయింది. జనం పిలవని పేరు పేరు కాదు, పెయింటు. మా డొంకను ఈ రోజుకీ ఎవరూ వీరపథం అనరు. ఆటోవాళ్లు ‘కల్లుపాక రోడ్డు’ అంటారు. కుర్రాడి తల్లి, మా పిన్ని, తానే అలా అంటుంది. ఒకసారి షేరాటోలో నా పక్కన కూర్చుని, “కల్లుపాక కాడ ఆపు నాయనా” అని దిగింది. దిగాక నాతో మెల్లగా అంది, “రోజూ వాడి పేరు చెప్పి పది రూపాయలియ్యమంటావా అబ్బాయ్.”

నిజానికి కుర్రాడి పేరుతో సర్కారుకు చాలా పెద్ద పనే ఉంది, అది ఆర్చి మీద కాదు, కాగితం మీద. మేం ఆర్చి మీద రాసిన ‘అమరవీరుడు’ అన్న మాట సైన్యం ఫైళ్లలో లేదు. 2022 ఫిబ్రవరిలో సైన్యం తన వాళ్లందరికీ ‘మార్టర్’ అన్న మాట వాడొద్దని రాసి పంపింది కూడా. అక్కడ ఉండేవి బ్యాటిల్ క్యాజువాల్టీ, ఫిజికల్ క్యాజువాల్టీ అన్న రెండు గడులు. ఏ గడిలో పడితే దాన్ని బట్టి ఇంటికి వచ్చేది మారుతుంది. కొత్తగా అగ్నిపథ్ అని ఇంకో పథం వచ్చింది 2022లో. దాని పొడవు నాలుగేళ్లు. కొసకు చేరినవాళ్లలో నూటికి 25 మందికి మించి కొలువు శాశ్వతం కాదు. దారిలో ప్రాణం పోతే 48 లక్షల బీమా ఉంది, ఎక్స్‌గ్రేషియా ఉంది, మామూలు సిపాయి ఇంటికి నెలనెలా వచ్చే పింఛను లేదు. మా కుర్రాడు అంతకుముందే చేరినవాడు, కాబట్టి భార్యకు పింఛను ఉంది. ఉంది అంటే, రావాల్సి ఉంది అని.

ఆ అమ్మాయి పేరు ఆధార్‌లో చివర ‘అమ్మ’తో ఉంది. పెళ్లయ్యాక పటాలంలో రాయించిన పార్ట్ టూ ఆర్డర్‌లో ‘అమ్మ’ లేదు. కుర్రాడు తెలుగు పేరు చెప్పి ఉంటాడు, హిందీ గుమస్తా తనకు వినిపించినంత రాసుకుని ఉంటాడు. ఇప్పుడు రికార్డ్ ఆఫీసు వాళ్లకు ఆ ‘అమ్మ’ ఎక్కడిదో తేలాలి. మీసేవలో ఒక అఫిడవిట్, నోటరీ దగ్గర ఇద్దరూ ఒకరేనని ఇంకో అఫిడవిట్, తాసీల్దారు దగ్గర కుటుంబ సభ్యుల పత్రం, మళ్లీ పెళ్లి చేసుకోలేదని ఒక పత్రం, స్పర్శ్ అనే పింఛను పోర్టల్‌లో వేలిముద్ర. ఆమె చంకలో రెండేళ్ల పిల్లతో ఆ కల్లుపాక రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్క పెట్టలేదు. ఆర్చి మీద భర్త హోదాను తప్పు రాసినవాళ్లం మేము. ఫ్లెక్సీ మీది ‘నాయకులు’ ఆర్చి మీదా ఇప్పటికీ అలాగే ఉంది, దిద్దమని అడిగినవాడు లేడు. ఆమె పేరులో ‘అమ్మ’ ఎక్కువైందని ఎనిమిది నెలలు పింఛను ఆగింది. అక్షరాల విషయంలో మనకు అజాగ్రత్త అనకూడదు. ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో బాగా తెలిసినవాళ్లం.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో తెరిచేనాటికి 25,942 పేర్లు గ్రానైట్ మీద చెక్కి పెట్టారు. చూసి రావాలని కుర్రాడి తండ్రికి, మా బాబాయికి కోరిక. ముందు బస్సు రోడ్డు దాకా రావాలి కదా అంటాడు.

ఇక అర్జీ సంగతి. పోయిన వానాకాలంలో ఒక రాత్రి పిన్నికి ఆయాసం వచ్చింది. 108 వచ్చి ఆర్చి దగ్గర ఆగిపోయింది. అదే డొంకలో ఆ ఇంటి మనిషిని రెండోసారి భుజాల మీద మోశారు, ఈసారి నులక మంచంలో, దేవుడి దయవల్ల ప్రాణంతో. ఆమె కోలుకుని ఇంటికొచ్చాక బాబాయి నా దగ్గరికి వచ్చి, “అర్జీ రాసిపెట్టు అబ్బాయ్, మన రోడ్డుకు తారెయ్యమని” అన్నాడు. రాశాను. కుర్రాడి హోదా, పేరు, ‘వీరపథం’, అన్నీ వచ్చేలా, చదివినవాడి కళ్లు చెమర్చేలా రాశాను. సోమవారం గ్రీవెన్స్‌కు ఇద్దరం కలెక్టరేటుకు వెళ్లాం.

కంప్యూటరు దగ్గర ఆపరేటరు అర్జీ చదివి, ఏదో వెతికి, ఇంకోసారి వెతికి అన్నాడు:

“ఈ పేరుతో రోడ్డు లేదండీ.”

“ఉంది బాబూ, ఆర్చి కూడా ఉంది” అన్నాడు బాబాయి.

“ఆర్చి ఉంటుందండీ. రోడ్డు రికార్డులో లేదు.”

పక్క టేబులు నుంచి ఇంజినీరు గారిని పిలిచారు. ఆయన మంచి మనిషి, రిజిస్టరు తెప్పించి తీరిగ్గా వెతికారు. దొరికింది. ‘ఆర్ అండ్ బి రోడ్డు టు పడమటి పాలెం’. తీర్మానం కాపీ పంచాయతీ దాటి ఎక్కడికీ రాలేదట. వచ్చినా రోడ్డు పేరు ఎస్టిమేటులో మారదట.

“ఆ పైపేరు కొట్టేసి, కింద ఇది రాయండి. లేకపోతే ఏ రోడ్డో తెలీక వెనక్కొచ్చేస్తుంది” అన్నారు, మా మేలు కోరే.

నేను కాగితం అందుకోబోయాను. బాబాయి ఇవ్వలేదు. నా పెన్ను అడిగి తీసుకున్నాడు. అయిదో తరగతి చదువు, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివి, కొడుకు పేరు ఎక్కడుందో చూసి, దాని మీద ఒకే ఒక్క గీత గీశాడు. గీత కింద పేరు ఇంకా చదవడానికి వస్తూనే ఉంది. ఆపరేటరు నంబరు ఇచ్చాడు.

మూడు వారాలకు బాబాయి ఫోనుకు సందేశం వచ్చింది. పొలంనుంచి వస్తున్న నన్ను డొంక మొదట్లో ఆపి, ఫోను చేతిలో పెట్టాడు. ‘మీ అర్జీ పరిష్కరించబడినది. నిధులు మంజూరైన పిమ్మట చర్య తీసుకొనబడును’ అని ఉంది. పైకి చదివాను.

“పరిష్కరించారంటే, వేసినట్టేనా?” అన్నాడు.

అప్పటికి ఇద్దరం ఆర్చి కిందే నిలబడి ఉన్నాం, మేకల మధ్య. గడ్డి ట్రాక్టరొకటి పక్క చేలోంచి చుట్టు తిరిగి పోతూ, మమ్మల్ని చూసి హారను కొట్టింది.